షుగరు మాత్రలు ఎన్నేళ్ళు పనిచేస్తాయి?

“డాక్టరుగారూ, పదేళ్ళపాటు ఒక్క మాత్రతో షుగరు చెప్పినమాట విన్నది. ఇప్పుడు అదే మాత్ర రెండు పూటలా వేసుకుంటున్నా దిగడం లేదు. ఒంటికి మందు అలవాటు పడిపోయిందంటారా? కాస్త గట్టి మాత్ర ఏదైనా రాయండి.”

ఈ ప్రశ్న వినకుండా నాకు వారం గడవదు. పట్నంవాసులు ఇలా అడుగుతారు. పల్లెనుంచి వచ్చిన ముసలమ్మ అయితే, “మాత్తర్లకి సత్తువ అయిపోనాది బాబూ, ఏరేవి రాయి” అంటుంది. మాట వేరుగాని ఇద్దరి అనుమానమూ ఒక్కటే. మాత్ర పాతబడింది, కనుక మాత్ర మార్చాలి.

నేను విజయనగరంలో నలభై ఏళ్ళుగా వైద్యం చేస్తున్నాను. పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో, నరసన్నపేట దగ్గర ఒక పల్లె. 2006 నుంచి నేనూ షుగరు రోగినే. అంచేత బల్లకు ఇవతల కూర్చున్నప్పుడు ఒక మాట, అవతల కూర్చున్నప్పుడు ఇంకో మాట చెప్పే వీలు నాకు లేదు. మీకు ఇక్కడ చెప్పబోయేది నా ఒంటిమీద కూడా జరిగిన సంగతే.

ముందుగా జవాబు చెప్పేస్తాను. పదేళ్ళ తర్వాత మారింది మాత్ర కాదు, మనం. ఆ మార్పులో సగం మన చేతిలో లేదు. మిగతా సగంలో పెద్ద వాటా మన ఒంటి బరువుది.

బండీ, ఎద్దూ

మన ప్రాంతంలో ఎడ్లబండి తోలినవాళ్ళు ఇంకా ఉన్నారు కనుక ఆ భాషలోనే చెప్పుకుందాం. కడుపులో జీర్ణకోశం వెనకాల క్లోమం అనే గ్రంథి ఉంది. డాక్టర్లు దాన్ని పాంక్రియాస్ అంటారు. అది ఇన్సులిన్ తయారుచేస్తుంది. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తే, ఆ చక్కెరను కండల్లోకి, కాలేయంలోకి చేర్చే పని ఇన్సులిన్‌ది. ఈ క్లోమమే మన ఎద్దు. బండి మీద బస్తాలు మన ఒంట్లోని కొవ్వు. అందులోనూ పొట్టలోపల, కాలేయంలో పేరుకున్న కొవ్వు. అది ఎక్కువైనకొద్దీ ఇన్సులిన్ మాట ఒళ్ళు వినదు. అదే పనికి రెట్టింపు ఇన్సులిన్ కావాలి. ఎద్దు రెట్టింపు లాగాలి.

“రాత్రి రెండు పుల్కాలే తిన్నాను. పొద్దున్న పరగడుపున 180 ఎలా వచ్చింది?” అని చాలామంది నన్ను నిలదీస్తారు. ఆ 180 రాత్రి పుల్కాలది కాదు. మనం నిద్రపోతున్నప్పుడు కాలేయం తనంతట తాను చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆరోగ్యవంతుడిలో ఇన్సులిన్ దానికి కళ్ళెం వేస్తుంది. కొవ్వు పట్టిన కాలేయం ఆ కళ్ళేన్ని ఖాతరు చెయ్యదు. అందుకే ఏమీ తినకపోయినా తెల్లారేసరికి చక్కెర పెరిగి కూర్చుంటుంది.

ఇక మాత్రల సంగతి. వాటిలో పాతవి రెండు రకాలు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్, గ్లిమెపిరైడ్ వంటివి ఒక రకం. ఇవి ఎద్దుని ములుకర్రతో పొడుస్తాయి. క్లోమం చేత మరింత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మెట్‌ఫార్మిన్ రెండో రకం. అది ఎద్దు జోలికి పోదు. ఇరుసుకి కందెన రాస్తుంది. ముఖ్యంగా కాలేయం వదిలే చక్కెరను తగ్గిస్తుంది.

ములుకర్ర మాత్రలు పుట్టిన తీరు చిత్రమైనది. 1942లో ఫ్రాన్సులోని మోంపెలియే పట్టణంలో జాన్‌బోన్ అనే వైద్యుడు టైఫాయిడ్ రోగులకు కొత్త సల్ఫా మందు ఇచ్చి చూశాడు. కొందరికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది. కారణం క్లోమమేనని అదే ఊళ్ళోని లూబాతియేర్ తేల్చాడు. ఆ దారిలోనే 1950ల్లో టాల్బుటమైడ్, తర్వాత గ్లిబెన్‌క్లమైడ్ వచ్చాయి. మెట్‌ఫార్మిన్‌కి మూలం గలేగా అనే మొక్క. మన చిక్కుడు జాతికి దూరపు చుట్టం. 1957లో జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి వైద్యుడు దాన్ని షుగరుకి వాడి ఫలితాలు ప్రకటించాడు. అమెరికాలో మాత్రం అది 1995 దాకా బజారుకి రాలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు రండి. బండి మీద బస్తాలు దించకుండా ములుకర్రతో పొడుచుకుంటూ పోతే ఎద్దు ఎన్నాళ్ళు లాగుతుంది? కొన్నాళ్ళు లాగుతుంది. తర్వాత పొడిచినా కదలదు. అప్పుడు మనం “ఈ ములుకర్రకి పదును పోయింది, ఇంకోటి తెండి” అంటున్నాం.

ఇరవై ఏళ్ళ పరీక్ష

ఇది నా ఊహ కాదు. బ్రిటన్‌లో 1977 నుంచి 1997 దాకా ఇరవై ఏళ్ళపాటు ఒక గొప్ప పరిశోధన జరిగింది. ఆక్స్‌ఫర్డుకి చెందిన రాబర్ట్ టర్నర్ దానికి సారథి. కొత్తగా షుగరు బయటపడిన 5,102 మందిని చేర్చుకుని ఏళ్ళ తరబడి గమనించారు. మొదట తెలిసిన సంగతి ఏమిటంటే, జబ్బు బయటపడిన రోజుకే క్లోమం శక్తి దాదాపు సగం పోయి ఉంటుంది. ఆ తర్వాత కూడా ఏటా కొంచెం కొంచెం తగ్గుతూనే పోతుంది. ఒకే మందుతో షుగరు అదుపులో ఉన్నవారు మూడేళ్ళకు సగంమంది. తొమ్మిదేళ్ళకు నలుగురిలో ఒక్కరు. మిగతా ముగ్గురికీ రెండో మందో, మూడో మందో, ఇన్సులినో కావలసివచ్చింది.

కనుక మీ మాత్ర పదేళ్ళకు చాలకపోతే అది మీ ఒక్కరి దురదృష్టం కాదు. జబ్బు నడకే అది. “పత్యం సరిగా చెయ్యలేదు, అందుకే” అని ఇంట్లోవాళ్ళు రోగిని సాధించడం కూడా న్యాయం కాదు.

అయితే మందుకీ మందుకీ తేడా ఉంది. 2006లో వెలువడిన అడాప్ట్ అనే పరిశోధనలో నాలుగు వేల పైచిలుకు రోగులకు తలా ఒక మాత్ర ఇచ్చి చూశారు. అయిదేళ్ళలో మాత్ర చాలకుండా పోయినవారు గ్లిబెన్‌క్లమైడ్ వాడినవాళ్ళలో నూటికి 34 మంది, మెట్‌ఫార్మిన్ వాడినవాళ్ళలో 21 మంది. ములుకర్ర కన్నా కందెన ఎక్కువకాలం నిలిచిందన్నమాట.

బరువు సంగతి ఇక్కడే తగులుతుంది. ములుకర్ర మాత్రలు షుగరు తగ్గిస్తూనే ఒంటి బరువు పెంచుతాయి. పయోగ్లిటజోన్ పెంచుతుంది. ఇన్సులిన్ కూడా పెంచుతుంది. మెట్‌ఫార్మిన్, గ్లిప్టిన్‌లు పెంచవు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి చక్కెరను మూత్రంలోకి పంపి బరువు కాస్త తగ్గిస్తాయి. కొత్తగా వచ్చిన సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఆకలిని అణచి బరువు బాగా తగ్గిస్తాయి. అవి ఖరీదైన మందులు. మానేస్తే పోయిన బరువు చాలావరకు తిరిగి వస్తుంది కూడా.

చూడండి ఎలాంటి చిక్కో. షుగరు పెరిగిందని మాత్ర పెంచాం. మాత్రతో పాటు ఆకలి పెరిగింది, బరువు పెరిగింది. బరువు పెరగ్గానే మాత్ర చాలలేదు. మళ్ళీ మాత్ర పెంచాం. నా దగ్గరికి వచ్చే పాత ఫైళ్ళలో ఈ గొలుసు పేజీ పేజీకీ కనిపిస్తుంది. షుగరు అంకె అన్ని పేజీల్లోనూ రాసి ఉంటుంది. బరువు అంకె మాత్రం చాలా ఫైళ్ళలో మొదటి పేజీలోనే ఆగిపోతుంది.

బస్తాలు దించితే?

2011లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో రాయ్ టేలర్ అనే ఆచార్యుడు పదకొండు మంది షుగరు రోగులకు ఎనిమిది వారాలపాటు చాలా తక్కువ ఆహారం, రోజుకు 600 కేలరీలు మాత్రమే ఇచ్చి చూశాడు. మాత్రలు మాన్పించాడు. వారం తిరిగేసరికి కాలేయంలో కొవ్వు దాదాపు మూడోవంతు తగ్గింది. పరగడుపు షుగరు మామూలు స్థితికి వచ్చింది. తర్వాత ఆయన, గ్లాస్గోకు చెందిన మైక్ లీన్ కలిసి 306 మందితో పెద్ద పరీక్ష చేశారు. దాని పేరు డైరెక్ట్. 2017లో ఫలితాలు వెలువడ్డాయి. బరువు తగ్గించే పద్ధతి పాటించినవారిలో ఏడాదికి నూటికి 46 మంది మాత్రలు లేకుండా షుగరు అదుపులో ఉంచుకున్నారు. 15 కిలోలకు పైగా తగ్గినవారిలో అయితే నూటికి 86 మంది.

ఇది చదవగానే రేపటినుంచి ఉపవాసాలు మొదలుపెట్టకండి! ఆ పరీక్షలోని వాళ్ళందరికీ జబ్బు వచ్చి ఆరేళ్ళలోపే. ఇన్సులిన్ తీసుకునేవారు ఒక్కరూ లేరు. అందరూ భారీ మనుషులు. వైద్యులు, నర్సులు వెంట ఉండి చూసుకున్నారు. రెండో ఏడాదికి 46 మంది కాస్తా 36 అయ్యారు. బరువు తిరిగి వచ్చినవాళ్ళకు జబ్బూ తిరిగి వచ్చింది. కనుక దీన్ని “నయం కావడం” అనను. జబ్బు నిద్రపోవడం అంటాను. దాన్ని లేపేది బరువే.

మా ఊళ్ళో కిరాణా వర్తకుడు ఒకాయన ఉన్నారు. యాభై రెండేళ్ళ మనిషి, 84 కిలోల బరువు. రెండు రకాల మాత్రలు నిండు మోతాదులో వాడుతూ, ఇక ఇన్సులినే గతి అని ఎవరో చెబితే బెంగపెట్టుకుని వచ్చారు. జబ్బు వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. పధ్నాలుగు నెలల్లో ఆయన 73 కిలోలకు దిగారు. వింత వైద్యమేమీ లేదు. సాయంత్రం కొట్లోకి తెప్పించుకునే పునుగులు మానారు. అన్నం రెండోసారి వడ్డించుకోవడం మానారు. ఆ ఖాళీలోకి పప్పు, కూర, మజ్జిగ వచ్చాయి. కొట్టు మూశాక పెద్దచెరువు గట్టు మీద నలభై అయిదు నిమిషాలు నడిచారు. ఏడో నెలలో ఒకరోజు మధ్యాహ్నం ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు. చూస్తే షుగరు 62. బండి తేలికైంది, ములుకర్ర మాత్రం పాత జోరులోనే పొడుస్తోంది. వెంటనే గ్లిమెపిరైడ్ సగం చేసి, తర్వాత పూర్తిగా తీసేశాం. ఇప్పుడు ఆయనకు మెట్‌ఫార్మిన్ ఒక్కటే.

ఇందులో మీరు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. బరువు తగ్గించుకునే ప్రయత్నం మొదలుపెట్టే ముందే మీ డాక్టరుకి చెప్పండి. ములుకర్ర మాత్రగాని, ఇన్సులిన్‌గాని వాడుతూ చెప్పకుండా తిండి తగ్గిస్తే షుగరు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ రోజు సారా కూడా పుచ్చుకుంటే అపాయం ఇంకా ఎక్కువ.

సన్నగా ఉన్నవాళ్ళ మాట

“మరి నేను లావు కాదుగదా, నాకెందుకు వచ్చింది?” ఈ ప్రశ్న మన జిల్లాల్లో ఎక్కువ. దీనికి రెండు జవాబులున్నాయి. రెండూ వేరు వేరు. వాటిని కలగాపులగం చెయ్యడం ప్రమాదం.

మొదటిది. మనవాళ్ళలో చూడ్డానికి సన్నగా ఉండి లోపల కొవ్వున్నవాళ్ళు చాలామంది. పూనాకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఆయన స్నేహితుడైన ఇంగ్లీషు డాక్టర్ యడ్‌కిన్ 2004లో ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన పెట్టి లాన్సెట్ పత్రికలో అచ్చువేశారు. ఎత్తుకు తగిన బరువు లెక్క ఇద్దరికీ ఒక్కటే, 22.3. కాని ఒంట్లో కొవ్వు ఇంగ్లీషాయనకు నూటికి 9.1 పాళ్ళు, మన యాజ్ఞిక్ గారికి 21.2 పాళ్ళు! అందుకే మనదేశపు వైద్యులు 2009లో మన లెక్కలు వేరుగా పెట్టారు. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి 63 కిలోలు దాటితే అధిక బరువు, 68 దాటితే స్థూలకాయం. అయిదడుగుల స్త్రీకి ఆ అంకెలు సుమారు 53, 58. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటకూడదు. చేతులూ కాళ్ళూ పుల్లల్లా ఉండి బొజ్జ ముందుకొచ్చిన గుమాస్తాగారు తాను సన్నమే అనుకుంటారు. ఆయన క్లోమం ఆ మాట ఒప్పుకోదు. ఇలాంటివాళ్ళు అయిదారు కిలోలు తగ్గినా మేలే. న్యూకాసిల్ వాళ్ళే భారీకాయులు కాని ఇరవైమందితో పరీక్ష చేస్తే పద్నాలుగు మందికి జబ్బు నిద్రపోయింది. ఆ ఫలితం 2023లో వచ్చింది.

రెండో జవాబు పూర్తిగా వేరు. నిజంగానే బక్కచిక్కినవాళ్ళున్నారు. వీళ్ళ బండి మీద బస్తాలు లేవు. ఎద్దే బలహీనం.

కురుపాం వైపునుంచి ఒక కూలిమనిషిని తీసుకొచ్చారు. ఆ ఊరు 2022 దాకా మా విజయనగరం జిల్లాలోదే, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. ముప్పై రెండేళ్ళవాడు, 39 కిలోలు. మూడు రకాల మాత్రలు వాడుతున్నాడు. షుగరు 400 దిగడం లేదు. పైగా అన్నం తింటే షుగరు పెరుగుతుందని చుట్టుపక్కలవాళ్ళు తిండి మాన్పించారు. పొద్దున్న గ్లాసెడు చోడి అంబలి, రాత్రి మరో గ్లాసు. “సూదంటే ఆకరి మందని అందరూ అన్నారు బాబూ, అందుకే భయపడి రాలేదు” అన్నది భార్య. ఆ మనిషికి కావలసింది నాలుగో మాత్ర కాదు. ఇన్సులినూ, కడుపునిండా తిండీ. రెండూ ఇచ్చాం. ఆరు నెలలకు 46 కిలోలకు వచ్చాడు. మళ్ళీ పనిలోకి వెళ్తున్నాడు.

చిన్నప్పటినుంచి చాలీచాలని తిండితో పెరిగినవాళ్ళకు వచ్చే ఇలాంటి షుగరును 1955లోనే జమైకాలో గుర్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో దానికి వేరే పేరు పెట్టి, 1999లో ఆ పేరు తీసేసింది. వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాల, న్యూయార్కు ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాల కలిసి చేసిన పరిశోధన 2022లో వచ్చింది. వీళ్ళకు ప్రధానమైన లోపం ఇన్సులిన్ తయారీలోనే ఉందని అది చూపించింది. 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీన్ని “అయిదో రకం మధుమేహం”గా గుర్తించింది. సన్నగా ఉన్న ప్రతివారికీ ఇదే ఉందని కాదు. క్లోమంలో రాళ్ళు ఉండవచ్చు. పిల్లలకు వచ్చే రకం షుగరు పెద్దవయసులో తొంగిచూడవచ్చు. క్షయ తోడై ఉండవచ్చు. ఎవరికేదో పరీక్షలు చేసి తేల్చాలి.

కనుక మీరు ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోతుంటే సంతోషించకండి. షుగరు రోగి తిండి తింటూ కూడా చిక్కిపోతున్నాడంటే ఇన్సులిన్ అడుగంటుతోందని అనుమానించాలి. అలాంటివాళ్ళు “బరువు తగ్గించే కొత్త మాత్ర” అని పక్కింటాయన చీటీ చూపించి గ్లిఫ్లోజిన్ కొనుక్కుంటే, రక్తం ఆమ్లంగా మారి ఆస్పత్రి పాలవుతారు.

మూత్రపిండాల లెక్క

శ్రీకాకుళం జిల్లా పాఠకులకు ఇంకో హెచ్చరిక. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో, అంటే మన ఉద్దానంలో, షుగరు లేనివారికి కూడా మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని మీకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి వచ్చాయంటే అందుకే. ఆ ప్రాంతంవారు షుగరు మాత్ర ఏది వాడినా, ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. దాన్నిబట్టి మూత్రపిండాల వడపోత లెక్క కడతారు. అది 45 కన్నా తగ్గితే మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గించాలి, 30 కన్నా తగ్గితే ఆపాలి. గ్లిబెన్‌క్లమైడ్ అయితే ఒంట్లోనే నిలిచిపోయి షుగరును గంటల తరబడి పడగొడుతుంది. మూత్రపిండాలు చెడుతున్నవారికి ఉన్నట్టుండి షుగరు తగ్గి, మాత్రలు అక్కరలేనట్టు కనిపించవచ్చు. “నాకు షుగరు పోయింది” అని పండగ చేసుకునే ముందు ఒకసారి క్రియాటినిన్ చూపించుకోండి.

ఇంట్లో ఏం చెయ్యాలి?

మీరు బొజ్జ ఉన్న రకమా, బక్క రకమా తేల్చుకున్నాక ఈ కింది పనులు చెయ్యండి.

నెలకొకసారి, ఒకే తూనిక యంత్రం మీద, పొద్దున్నే బరువు చూసుకుని షుగరు చీటీ మీదే రాయండి. బొడ్డు దగ్గర నడుము టేపుతో కొలిచి దాని పక్కనే రాయండి. మూడు అంకెలూ పక్కపక్కన ఉంటే మీ డాక్టరు పని సగం తగ్గుతుంది.

మూడు నెలలకొకసారి హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించండి. చాలామందికి అది 7 దగ్గర ఉండాలి. బాగా వయసు మళ్ళినవాళ్ళకు కాస్త ఎక్కువున్నా ఫరవాలేదు.

బరువు ఎక్కువున్నవాళ్ళు కంచంలో అన్నం సగం చేసి, ఆకుకూరలు, కాయగూరలు, పప్పు, గుడ్డు, చేప పెంచాలి. చోళ్ళు, గంటెలు మంచివే. కాని అవీ పిండి పదార్థాలే. పల్చటి అంబలి గ్లాసులకొద్దీ తాగితే షుగరు అన్నంలాగే పెరుగుతుంది. పలాస జీడిపప్పు షుగరు అంతగా పెంచదుగాని, గుప్పెడు తింటే 160 కేలరీలకు పైమాటే. సిరిమాను పండగకో, సంక్రాంతికో ఒక అరిసె తింటే కొంప మునగదు. డబ్బా ఖాళీ అయ్యేదాకా పండగ సాగితేనే మునుగుతుంది.

కొండంత లక్ష్యం పెట్టుకోకండి. ఇప్పుడున్న బరువులో నూటికి అయిదు, పదిపాళ్ళు తగ్గినా మాత్రల మోతాదు మీద తేడా కనిపిస్తుంది. జబ్బు కొత్తగా ఉన్నప్పుడు తగ్గిన కిలో, పదేళ్ళ తర్వాత తగ్గిన కిలో కన్నా విలువైనది. ఎద్దు పూర్తిగా అలసిపోకముందే బస్తా దించాలి.

మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారికి బి12 విటమిన్ తగ్గవచ్చు. అరికాళ్ళ మంటలన్నీ షుగరువే అనుకోకుండా ఆ పరీక్ష కూడా చేయించుకోండి.

డబ్బు లేదని మందు మానకండి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. పేరులేని పొడులు మాత్రం పోస్టులో తెప్పించుకోకండి.

ఇక ఆఖరిగా, ఎక్కువమందిని ఏడిపించే సంగతి. అన్నీ చేసినా ఒకరోజు మాత్రలు చాలకపోవచ్చు. నా మాటే చెబుతాను. 2006లో జబ్బు బయటపడ్డప్పుడు నా బరువు 76 కిలోలు. మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టాను. 2013లో గ్లిమెపిరైడ్ తోడైంది. తర్వాత మా ఆవిడ వంటింటి కట్టుబాటు వల్లా, నడక వల్లా 2019కి 69 కిలోలకు దిగాను. గ్లిమెపిరైడ్ అక్కరలేకపోయింది. ఆ అయిదేళ్ళూ ఒక్క మాత్రతో గడిచాయి. 2024లో బరువు గ్రాము పెరగకుండానే హెచ్‌బిఎ1సి 8.4కి ఎక్కింది. పరీక్ష చేయిస్తే నా క్లోమం తయారుచేసే ఇన్సులినే తగ్గిపోయిందని తేలింది. నా బండి మీద దించడానికి ఇక బస్తా లేదు. ఎద్దుకి వయసైపోయింది. అప్పటినుంచి రాత్రి పడుకోబోయే ముందు పది యూనిట్ల ఇన్సులిన్ తీసుకుంటున్నాను. మొదటి రాత్రి మా అమ్మాయి ఫోనులో ఏడ్చింది, “నాన్నా, అంతదాకా వచ్చిందా?” అని.

అంతదాకా ఏమీ రాలేదు. 1922 జనవరిలో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ ఎక్కించింది చావుబతుకుల్లో ఉన్న ఒక కుర్రవాడికి. వాడు లేచి కూర్చుని ఇంకా పదమూడేళ్ళు బతికాడు. అది బతికించడానికి పుట్టిన మందు. మన ఇళ్ళలో మాత్రం దాన్ని ఆఖరి తులసితీర్థంగా చూస్తారు. ఆ భయంతో రెండేళ్ళు, మూడేళ్ళు వాయిదా వేసి, ఆ లోపల కళ్ళో, కాళ్ళో, మూత్రపిండాలో పోగొట్టుకున్నవారిని నేను చాలామందిని చూశాను.

అందుచేత ఈసారి “గట్టి మాత్ర రాయండి” అని డాక్టరుని అడిగేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. నా బరువు, నా నడుము ఈ అయిదేళ్ళలో ఎటు నడిచాయి? నా క్లోమంలో ఇంకా సత్తువ ఎంత ఉంది? మొదటి ప్రశ్నకు జవాబు మీ ఇంట్లో దొరుకుతుంది, టేపు చాలు. రెండోదానికి మీ డాక్టరు సి-పెప్టైడ్ అనే రక్తపరీక్ష రాస్తారు. బరువు పెరిగి ఉంటే బస్తా దించండి. సత్తువ తగ్గి ఉంటే, వచ్చే దసరాకో, సంక్రాంతికో అని వాయిదా వెయ్యకుండా ఇన్సులిన్ మొదలుపెట్టండి.